ప్రతిపదార్థం చాలు, తాత్పర్యం వద్దంది

ముందు వస్తువు సంగతి చెప్తాను. తొమ్మిదడుగుల పాత నావ పలక. షెడ్డు దూలానికి కట్టిన రెండు కొబ్బరి తాళ్ల మీద, మనిషి గుండెల ఎత్తున వేలాడుతోంది. ఒక కొస కాస్త కిందికి వాలింది. ఆ వాలిన కొస నుంచి మూడు గొలుసులతో ఒక కాటా పళ్లెం దిగింది. పళ్లెంలో ఎండి నెర్రెలిచ్చిన ఒండ్రు ముద్ద. రెండో పళ్లెం లేదు. గోడ మీద సుద్దముక్కతో 3 అని అంకె వేసి ఉంది. పేరు లేదు, వివరం లేదు.

దీని ముందు నిలబడ్డవాళ్లు దాదాపు అందరూ అడిగిన మాట ఒకటే. "ఇదేంటి మేస్టారూ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పని నా నెత్తిన ఎందుకు పడిందంటే, ఆ షెడ్డులో శిల్పాలు పెట్టిన అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకుంది. విశాఖలో శిల్పం నేర్చుకుని, తర్వాత బరోడా వెళ్లి, ఇప్పుడు ఎక్కడెక్కడో తిరుగుతూ పని చేసుకుంటోంది. కోనసీమలో అంబాజీపేట దగ్గర వాళ్ల మేనమామకు కొబ్బరి పీచు తీసే షెడ్డు ఒకటి ఉంది. మిషన్లు అమ్మేశాక ఖాళీగా పడి ఉంది. సంక్రాంతికి ఊళ్లకు జనం వస్తారు కాబట్టి భోగికి ముందే తన శిల్పాలన్నీ అందులో పెట్టింది. చుట్టుపక్కల దొరికిన సామానుతో చేసినవే అన్నీ. నావ పలకలు, గోనె సంచులు, వెదురు బద్దలు, వల తాళ్లు, తుప్పు పట్టిన ఇనుము.

"గోడకి అతికించడానికి ఒక పేజీ రాసిపెట్టండి మేస్టారూ" అంది.

"నాకు శిల్పాల గురించి ఏం తెలుసమ్మా?"

"పద్యానికి ప్రతిపదార్థం రాయించేవారు కదా, అలాగే రాయండి. అది చాలు. తాత్పర్యం మాత్రం వద్దు."

నవ్వొచ్చింది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పిల్లల చేత బట్టీ పట్టించింది తాత్పర్యమే. మార్కులు ఎక్కువ వచ్చేదీ దానికే. ప్రతిపదార్థం దగ్గర పిల్లలు పదాన్ని పట్టుకుని గింజుకుంటారు, తాత్పర్యం గైడులో ఉంటుంది. ఇక్కడ గైడు లేదు. ఎలాగూ రిటైరయ్యాను, పండక్కి ఇంట్లో జనం ఎక్కువై కూర్చోడానికి కుర్చీ కూడా దొరకడం లేదు. సరేనని ఒక నోటు పుస్తకం పట్టుకుని షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాను.

ఇలాంటి కళతో నాకు అసలు పరిచయం లేదని కాదు. మా అబ్బాయి ఉద్యోగం ఎర్నాకుళంలో ఉన్నప్పుడు ఒకసారి కొచ్చి బినాలేకు తీసుకెళ్లాడు. 2012 డిసెంబర్ 12న మొదలైన ఆ ప్రదర్శన ఫోర్ట్ కొచ్చిలో ఆస్పిన్‌వాల్ హౌస్ అనే పాత వర్తకుల భవనాల్లో పెడుతుంటారు. ఆ కంపెనీ ఒకప్పుడు మిరియాలు, కొబ్బరి నూనె, కొబ్బరి పీచు ఎగుమతి చేసేది. నాకు అక్కడ బాగా గుర్తుండిపోయింది ఆ గిడ్డంగులు, కిటికీలోంచి కనపడే సముద్రపు పాయ. పీచు వ్యాపారం చేసిన ఇంట్లో శిల్పాలు పెట్టడం అక్కడ ఎవరికీ వింతగా అనిపించలేదు. అంబాజీపేట దగ్గరికి వచ్చేసరికి అందరికీ వింతే.

మొదటి పూట షెడ్డులో చేసింది చుట్టూ తిరగడమే. నంబర్ 3 దగ్గర కుర్చీ వేసుకుని కనపడినవన్నీ రాసుకున్నాను. మేకులు, రేకు అతుకు, తారు పొరలు, పలక అంచున ఒకచోట వేలు పట్టేంత గాడి. గాడి ఎందుకు పడిందో తెలియలేదు. పాత చెక్క కదా, చీకి ఉంటుందనుకుని "గాడి" అని మాత్రం రాసి వదిలేశాను.

దాని సంగతి చెప్పింది ఓడలరేవు వైపు నుంచి వచ్చిన ఒక చేపల వేట మనిషి. చుట్టాలింటికి వచ్చి, పిల్లలు లాక్కొస్తే షెడ్డులోకి వచ్చాడు. అందరిలా "ఇదేంటి" అని అడగలేదు. నేరుగా వెళ్లి గాడిలో బొటనవేలు పెట్టాడు.

"వల ఇటేపు లాగారండి. ఎడం పక్క పలక ఇది. రోజూ ఒకే చోట తాడు రాసుకుంటే ఇలా అరుగుద్ది."

"ఎన్నేళ్లు లాగితే ఇంత అరుగుతుంది?"

"చెప్పలేమండి. చెక్కని బట్టి, తాడుని బట్టి. నైలాన్ తాడైతే తొందరగా తినేస్తాది. ఇది నైలానేనండి, చూడండి, నున్నగా ఉంది."

తర్వాత రేకు అతుకు మీద వేళ్లతో కొట్టి చూసి, ఇది వేసినవాడికి పని రాదని ఒక మాట అన్నాడు. సందుల్లో దూది సరిగ్గా కూరకుండా పైన తారు పూసేస్తే నీళ్లు ఊరడం ఆగదట. అంతే, వెళ్లిపోయాడు. ఆ పూట నా నోటు పుస్తకంలో సగం పేజీ ఆయనదే.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. వచ్చినవాళ్లు నన్ను అడగబోయే లోపు నేనే అడిగేవాణ్ని. "మీరేం పని చేస్తారండీ?" కొబ్బరి వలిచేవాళ్లు, రైసు మిల్లులో బస్తాలు కుట్టినవాళ్లు, తాళ్లు పేనేవాళ్లు, కమిషన్ కొట్టు గుమాస్తాలు. మా ఊళ్లలో ఏ పది మందిని పిలిచినా ఆ షెడ్డులో ఉన్న సామానుతో బతికినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. మహానగరంలో గ్యాలరీకి లేని సౌకర్యం ఇది.

నంబర్ 5 గోనె సంచులది. ఖాళీ సంచుల అడుగులు కోసేసి, ఒకదాని మూతికి ఇంకోదాన్ని కుట్టి పొడవాటి గొట్టంలా చేసి, లోపల కొబ్బరి పొట్టు కూరింది. అది నేల మీద చుట్ట చుట్టుకుని పడుకుని ఉంటుంది. కొబ్బరి డొక్కల్ని నానబెట్టి మిషన్‌లో వేస్తే పీచు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు పడతాయి. ఒకప్పుడు ఆ పొట్టు షెడ్ల వెనక గుట్టలుగా పడి ఉండేది. ఇప్పుడు కడియం నర్సరీల వాళ్లు మొక్కల కుండీలకు కొంటున్నారు. పొట్టుకు నీళ్లు పీల్చే గుణం ఎక్కువ. జనవరి మంచుకు తెల్లవారేసరికి ఆ గొట్టం బిగిసి బలిసినట్టుండేది. మధ్యాహ్నం ఎండ షెడ్డు రేకుల మీద కాసేసరికి కాస్త సన్నబడి, నానిన చెక్క వాసన వేసేది. ఇది నేను కుర్చీలో కూర్చుని చూసిందే, ఎవరూ చెప్పలేదు. పది నిమిషాలు చూసి వెళ్లేవాళ్లకు ఇది తెలిసే వీల్లేదు.

పిల్లలకు అది పాము. చెప్పగానే సంబరంగా అరిచేసి, ఇక చూడటం మానేసి, తర్వాతి దానికి పరిగెత్తేవాళ్లు. పొడుపు కథకు విడుపు దొరికితే ఆట అయిపోయినట్టే. పెద్దవాళ్లు కూడా అంతే. విడుపు చెప్పమంటారు, చెప్తే "ఓ, అదా" అని కదిలిపోతారు.

కానీ మిల్లులో పని చేసి మానేసిన ఒకావిడ వచ్చి ఆ గొట్టం పక్కన గొంతుక్కూర్చుంది. పామనలేదు, ఏమీ అనలేదు. కుట్ల మీద చెయ్యి పోనిస్తూ ఒక చివర నుంచి ఇంకో చివరకు జరిగింది.

"ఇద్దరు కుట్టారండి ఇది."

"ఎలా తెలిసింది?"

"ఇక్కడి దాకా దబ్బనం పైనుంచి కిందికి దిగింది. ఇక్కణ్నుంచి కింద నుంచి పైకి లేచింది. పురికొస బిగువు కూడా తేడాగా ఉంది. ఈ రెండో ఆవిడకి అలవాటున్న చెయ్యండి, కుట్టు కుట్టుకీ ఒకటే దూరం."

శిల్పం చేసిన అమ్మాయిని పిలిచి అడిగాను. మొదటి సగం తనే కుట్టిందట. మణికట్టు వాచిపోతే మిగతాది వాళ్లమ్మ కుట్టిందట. వాళ్లమ్మ పెళ్లికి ముందు మిల్లులో బస్తాలు కుట్టేది. అది నాకూ తెలియదు, ఊళ్లో చాలామందికి తెలియదు.

ఇక్కడే నాకు రాయడానికి ఒక దారి దొరికింది. కఠినమైన పద్యం ఇస్తే పిల్లలకు నేను చెప్పేది, ముందు క్రియ ఎక్కడుందో పట్టుకోండిరా, తర్వాత ఎవరు, దేన్ని, ఎలా అని అడుగుతూ పోతే అన్వయం కుదురుతుంది అని. ఈ వస్తువుల దగ్గరా అదే పని చేశాను. ఇది ఏంటి అని కాక, దీన్ని ఏం చేశారు అని. 3లో క్రియ వేలాడదీయడం. 5లో కుట్టడం, కూరడం, చుట్టడం. రాత్రి మా మనవడి ట్యాబ్‌లో వెతుకుతుంటే తెలిసింది, అమెరికా శిల్పి రిచర్డ్ సెర్రా 1967-68లో రెండు కాగితాల మీద పెన్సిల్‌తో క్రియల జాబితా రాసుకున్నాడట. చుట్టడం, మడవడం, చింపడం, వేలాడదీయడం, ఇలాంటివే. రబ్బరు, సీసంతో పని చేస్తున్న రోజుల్లో రాసుకున్న ఆ జాబితా ఇప్పుడు న్యూయార్క్‌లో మ్యూజియంలో ఉంది. శిల్పి చేతి జాబితాకు తెలుగు మేస్టారి అన్వయానికి చుట్టరికం కలిసినందుకు కాస్త గర్వంగానే అనిపించింది.

చదవడం మొదలుపెట్టాక మరి ఆగలేదు. 1967లోనే ఇటలీలో జెర్మానో చెలాంత్ అనే విమర్శకుడు బొగ్గు, గుడ్డపేలికలు, మట్టి, గోనెలతో పని చేస్తున్న కుర్రాళ్లందరినీ ఒక గుంపుగా చేర్చి "ఆర్తే పోవెరా" అన్నాడు. పేద కళ అన్నమాట. వాళ్లలో యానిస్ కునెలిస్ నన్ను బాగా పట్టుకున్నాడు. గ్రీసులో పిరేయస్ అనే ఓడరేవు ఊళ్లో 1936లో పుట్టి, రోములో స్థిరపడ్డవాడు. బొగ్గు, గోనె సంచులు అతని సరుకు. చిన్న చిన్న కాటా పళ్లేల్లో కాఫీ పొడి పోసి గోడకు వేలాడదీశాడు, గది నిండా వాసన వచ్చేలా. 1969లో అయితే రోములో ఒక గ్యాలరీలో 12 బతికున్న గుర్రాల్ని కట్టేశాడు. గుర్రాల సంగతి చెప్తే మా ఊరి రైతు ఒకాయన "మేత ఎవరు వేశారంటారు?" అన్నాడు. విమర్శకులు రాసిన పేజీలకు పేజీలు చదివాను, ఆ ప్రశ్న నాకైతే వాటిలో తగల్లేదు.

మన దేశంలో వాళ్లు అక్కడితో పోలిస్తే నాకు ఇంకా దగ్గరగా తోచారు. మృణాళినీ ముఖర్జీ జనపనార తాళ్లను చేత్తో ముడులు వేసుకుంటూ పోయి, మనిషికంటే ఎత్తున దేవతల్లాంటి, పువ్వుల్లాంటి ఆకారాలు నిలబెట్టింది. ముందుగా బొమ్మ గీసుకునేది కాదట, ముడి మీద ముడి ఎటు తీసుకెళ్తే అటే. ఆమె 2015లో పోయింది. షీలా గౌడ కర్ణాటక ఆవిడ. పేడతో, తారు డ్రమ్ముల రేకులతో పని చేసింది. 2009లో వెనిస్‌లో ఆవిడ పెట్టినదాంట్లో కారు బంపర్లు మనుషుల వెంట్రుకలతో పేనిన తాళ్లకు వేలాడుతుంటాయి. బళ్లకు దిష్టి తగలకుండా వెంట్రుకల తాడు కట్టే అలవాటు నుంచి వచ్చింది అది. తలనీలాలు ఇచ్చి వచ్చిన మనిషికి ఆ తాడు ముందు నిలబడితే కలిగేది ఒకటి, వెనిస్‌లో చూసినవాడికి కలిగేది ఒకటి. రెండోవాడిది తక్కువని అనను. కానీ మొదటివాడిదే నాకు ఆసక్తి.

ఇదంతా పేజీలో పెట్టబోతే అమ్మాయి ఒప్పుకోలేదు. "ఎవరెవరు ఎక్కడ ఏం చేశారో రాస్తే వీళ్లు నా పలక చూడరు, మీ పేజీ చదువుకుంటారు" అంది. అదీ నిజమే. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

నంబర్ 7 దగ్గర కొంచెం టెన్షన్ పడ్డాం. వెదురు బద్దల్ని పెద్ద విల్లులా వంచి, అడ్డబద్దలు కట్టి, రంగు ఊలుదారాలు, పాత చీరల పేలికలు చుట్టింది. అయితే దాని ముఖం గోడ వైపు. మనకు కనిపించేది వెనక, కట్లూ ముడులూ. ఈ ప్రాంతం వాడికి అది ఏ ఆకారమో చెప్పనక్కర్లేదు. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రులు కలుస్తారు. ఆ దేవుళ్లని ఎక్కించిన వెదురు ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని, పండిన చేలల్లోంచి, కౌశిక పాయలో దిగి మోసుకొస్తారు. 2023లో రిపబ్లిక్ డే పరేడ్‌కు మన రాష్ట్రం శకటం కూడా ఈ ప్రభల తీర్థమే. అలాంటిది దాన్ని గోడకేసి తిప్పి పెడితే ఊరుకుంటారా?

ఒక పెద్దాయన గట్టిగానే అడిగాడు. "ఏమ్మా, దేవుడి వస్తువుని ఇలా తిప్పి పెట్టడం ఏంటి?"

"దేవుణ్ని ఎక్కించలేదు తాతగారూ. ఉత్తి వెదురే. మోసేవాళ్లకి కనపడేది ఈ వైపే కదా అని."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత దగ్గరికి వెళ్లి ఒక కట్టు పట్టుకుని చూసి, ఇది వదులైపోతుంది, ఇలా కాదు కట్టేది అని, అక్కడే చొక్కా చేతులు మడిచి విప్పి మళ్లీ కట్టాడు. మెచ్చుకున్నాడని నేను చెప్పను. వెళ్లేటప్పుడు కూడా ముఖం ముడుచుకునే ఉన్నాడు. అమ్మాయి మాత్రం ఆ కట్టును ఆయన కట్టినట్టే ఉంచేసింది.

అప్పుడే ఇంకొకాయన, చదువుకున్నవాడు, నాతో అన్నాడు. ప్రభకు అర్థం ఏంటని ఎవరూ అడగరు, దీన్నే ఎందుకు అడుగుతారు అని. వినడానికి బాగుంది గానీ నేను ఒప్పుకోలేదు. ప్రభ అర్థం అందరికీ ముందే తెలుసు కాబట్టి అడగరు. తెలియనిదాన్ని అడగడంలో తప్పేముంది? అడిగినవాణ్ని "మీకు అర్థం కాదులెండి" అన్నట్టు చూసే గ్యాలరీ వాళ్లను చూశాను. ఆ చూపు వల్లే మామూలు మనిషి ఇలాంటి శిల్పం దగ్గరికి రాడు.

అన్నీ బాగున్నాయని కూడా అనను. నంబర్ 9 ఖాళీ నీళ్ల బాటిళ్లతో చేసిన పెద్ద చేప. గోదావరిలో ప్లాస్టిక్ పేరుకుపోతోందని దాని భావం. చూడగానే తెలుస్తుంది. అందరూ తల ఊపారు, సెల్ఫీ తీసుకున్నారు, ఎవరూ అర నిమిషం మించి నిలబడలేదు. అది నినాదం, మిగతా వాటి పక్కన తేలిపోయిందని అమ్మాయితో చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. "మీరే కదా జనానికి అర్థం కావాలన్నారు?" అని తిరగేసింది. చేపను తీయలేదు. పేజీలో దాని గురించి నేనూ రాయలేదు.

నన్ను ఎక్కువ కూర్చోబెట్టింది నంబర్ 2. మిగతా వాటితో పోలిస్తే చిన్నది, రెండు చేతుల్లో పట్టేస్తుంది. కొబ్బరికాయ మీద సన్నటి నైలాన్ వల దారం ఎక్కడా చిప్ప కనపడకుండా వరసన చుట్టింది. బల్ల మీద పెట్టి పక్కన "ఊపి చూడొచ్చు" అని రాసింది. ఊపితే లోపల ఏదో దొర్లుతుంది.

బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు తెగ ఆశ్చర్యపోయారు. మా వాళ్లు మాత్రం "కురిడీయేగా!" అని పెదవి విరిచేసి పక్కన పెట్టేశారు. కురిడీ అంటే తెలియనివాళ్లకు చెప్తాను. ముదురు కాయల్ని నెలల తరబడి నిల్వ ఉంచితే లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి ఎండి చిప్ప నుంచి ఊడిపోతుంది. అప్పుడు ఊపితే గుండులా దొర్లుతుంది. అంబాజీపేట మార్కెట్లో దానికి వేరే ధర, ఉత్తరాదికి లారీల మీద వెళ్తుంది. కాబట్టి ఇక్కడివాళ్లకు ఆ చప్పుడులో రహస్యం ఏమీ లేదు. నేనూ అలాగే అనుకుని "2: కురిడీ కాయ, వల దారం, చుట్టడం" అని రాసేశాను.

ఒక సాయంత్రం కొబ్బరి వ్యాపారం చేసే ఆయన వచ్చాడు. ఏళ్ల తరబడి కాయను చెవి దగ్గర పెట్టుకుని బాగోగులు తేల్చిన మనిషి. అలవాటుగా తీసి ఒకసారి ఊపాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి. మళ్లీ ఊపాడు, ఈసారి మెల్లగా.

"ఇది కురిడీ కాదండి."

"మరి?"

"కురిడీ ముద్దగా దొర్లుద్దండి. పైగా చిప్పంతా నిండి ఉంటుంది కదా, ఇంత దూరం పరిగెత్తదు. ఇది చిన్నది. గట్టిది. ఒకటి కాదు కూడా, రెండున్నాయి." ఇంకోసారి ఊపాడు. "ఆయ్, రెండే."

కాయ కోసి మళ్లీ అతికించి ఉంటుందేమో అని అతుకు కోసం తడిమాడు. దారం అడ్డం. కళ్ల వైపు తిప్పి చూశాడు, అక్కడా దారమే. అమ్మాయి కేసి చూశాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆయన ఆ కాయ పట్టుకుని అలా కూర్చుండిపోయాడు. ఫోన్ మోగితే కట్ చేశాడు. మర్నాడు ఇంకో ఇద్దరు వ్యాపారుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఒకరు గోళీలన్నారు, ఒకరు ఇనప గుండ్లన్నారు. వల అడుగున కట్టే సీసపు గుండ్లయితే బరువు ఇంకా ఎక్కువ ఉండాలని మూడో వాదన. పందెం కూడా వేసుకున్నారు. అమ్మాయి చెప్పలేదు కాబట్టి పందెం ఇంకా తేలలేదు.

ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ దుషాంప్ 1916లో ఇలాంటిదే ఒకటి చేశాడని తర్వాత చదివాను. పురికొస ఉండను రెండు ఇత్తడి పలకల మధ్య బిగించాడు. బిగించే ముందు ఒక స్నేహితుడి చేత లోపల ఏదో వేయించాడు. ఏం వేశాడో తనకు చెప్పొద్దన్నాడు. ఊపితే చప్పుడు. చేసినవాడికే తెలియదు. మా అమ్మాయికి తెలుసు, అదొక్కటే తేడా. ఏమీ తెలియనివాడికి కొబ్బరికాయలో చప్పుడు వచ్చినా వింతే, గడియారంలో వచ్చినా వింతే. కురిడీ చప్పుడు ఒంట్లో ఇంకిపోయిన మనిషికే ఇది కురిడీ కాదని తెలిసింది. అంతుచిక్కకపోవడం కూడా ఆయనకే పూర్తిగా దక్కింది. పేజీలో "కురిడీ కాయ" కొట్టేసి "కొబ్బరికాయ, లోపల రెండు వస్తువులు (ఒక వ్యాపారి మాట)" అని దిద్దాను.

86 వరద సంగతి కూడా చెప్పాలి. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెంచుకుని ఊళ్ల మీద పడ్డప్పుడు ఎదిగిన వయసులో ఉన్నవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. గోదావరి మధ్య లంక ఊరి నుంచి వచ్చిన ఒకాయన నంబర్ 3 ముందు నిలబడి, నన్ను చూడకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు. దూడను నావలోకి ఎక్కించారట, తల్లి గేదెను ఎక్కించలేకపోయారట. నావ ఇంటి చూరుకు తగులుకుంటూ వెళ్లిందట. ఇంతే ఎత్తున, అని పలక మీద చెయ్యి వేసి చూపించాడు. అమ్మాయి అప్పటికి పుట్టనే లేదు. పలకను ఆ ఎత్తున ఎందుకు కట్టావని అడిగితే, దూలానికి అందేంత తాడే ఉందంది. ఆయన మాత్రం ఆ ఎత్తును చూసే ఆగాడు. ఇదేంటని అడగలేదు, బాగుందనీ అనలేదు.

పేజీకి తిరిగి వస్తే, మొదట రాసిన కాగితం చివర నేనొక వాక్యం పెట్టాను. ఒక పళ్లెం పోయిన కాటాలా మన పల్లెల బతుకు తూకం తప్పింది అని. చదవగానే చప్పట్లు పడే రకం. అమ్మాయి ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టింది. విద్యార్థిని చేత ఎర్ర గీత కొట్టించుకోవడం కొత్త అనుభవమే. నేను వాదించాను, చదివేవాడికి కాళ్లు పెట్టుకోడానికి ఒక మెట్టయినా ఉండాలి కదా అని. "మెట్టు వేయండి, తలుపు మూయకండి" అంది. చివరకు నంబర్ 3 కింద అతికించింది ఇదీ:

పలక: వైనతేయ పాయలో తిరిగిన చేపల నావది, ఎడమ పక్కది. అంచున గాడి: వల తాడు రాసుకున్నది. అతుకు: నూనె డబ్బా రేకు, మేకులు 14. తాళ్లు: రెండు, ఒకటి చేత్తో పేనింది, ఒకటి మిషన్‌ది. పళ్లెం: కొబ్బరి కమిషన్ కొట్టులోది. మట్టి: లంకలోది, వరద తీశాక ఎత్తింది. చేసిన పనులు: విప్పడం, ఎత్తడం, వాల్చడం, వేలాడదీయడం. రెండో పళ్లెం ఎక్కడుందో చెప్పలేదు.

అతికించిన రెండో పూటకే దాని మీద పెన్నుతో దిద్దుబాట్లు మొదలయ్యాయి. "మేకులు 16. లెక్కపెట్టాను." దాని కింద వేరే చేతిరాత, "రెండు రివిట్లు, మేకులు కాదు." మట్టి దగ్గర, "లంక మట్టి ఇంత నల్లగా ఉండదు." దానికి బాణం గుర్తు వేసి "మా లంకలో ఉంటుంది" అని ఇంకొకరు. చేత్తో పేనిన తాడు ఏదో గుర్తుపట్టినవాళ్లు దానికి గీత గీసి, "ఇది రాట్నం మీదది, చేత్తోది కాదు" అన్నారు. మార్జిన్ నిండిపోతే అమ్మాయి పక్కన ఇంకో తెల్ల కాగితం అతికించింది. ఇదేంటి అని అడిగేవాళ్లు తగ్గారు. కాగితం ముందు నిలబడి కొట్లాడుకునేవాళ్లు పెరిగారు. నాకు కుర్చీలో కూర్చోవడం తప్ప పని లేకుండా పోయింది.

రథసప్తమి వెళ్లాక సామాను హైదరాబాద్ గ్యాలరీకి పంపాల్సి వచ్చింది. రావులపాలెంలో లారీ మాట్లాడుకుని, బిల్లు రాయించడానికి నేనూ వెళ్లాను. గుమాస్తా కుర్రాడు పెన్ను పట్టుకుని "సరుకేంటండీ?" అన్నాడు.

"శిల్పాలు" అంది అమ్మాయి.

అతను లారీ దగ్గరికి వెళ్లి చూసి వచ్చాడు. "పాత చెక్కండి, గోనెలండి, తుప్పు ఇనుమండి. శిల్పాలెక్కడున్నాయండి?"

నేను ఆగలేక శిల్పి బ్రాంకుషి కథ ఎత్తుకున్నాను. 1926లో పారిస్ నుంచి న్యూయార్క్‌కు ఒక కంచు శిల్పం ఓడలో వచ్చింది. పేరు "ఆకాశంలో పక్షి". కస్టమ్స్ వాళ్లకు రెక్కలూ కనపడలేదు, ముక్కూ కనపడలేదు. ఇది కళాఖండం కాదు, వంటసామాను ఆసుపత్రి సామాను కింద లెక్క అని 40 శాతం సుంకం వేశారు. కేసు కోర్టుకెక్కి, సాక్ష్యాలు నడిచి, 1928లో గానీ అది శిల్పమేనని తీర్పు రాలేదు.

కుర్రాడు శ్రద్ధగా విన్నాడు. "రెండేళ్లు పట్టిందాండీ?"

"పట్టింది."

"40 శాతమాండీ?"

"40 శాతం."

"అయితే పాత సామానే రాద్దామండి" అని రాసేశాడు. విలువ గడి దగ్గర పెన్ను ఆపి అమ్మాయి కేసి చూశాడు. ఆమె నా కేసి చూసింది. వెనక నుంచి డ్రైవరు హారన్ కొడుతున్నాడు.